శుక్లం ఆపరేషన్‌లో ఏ లెన్స్ వేయించుకోవాలి? కర్నూలు, అనంతపురం, కడప వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

"శుక్లం ఉంది, ఆపరేషన్ చేయాలి" అని డాక్టరు చెప్పి పంపాక జనం వచ్చి కూర్చునేది కౌన్సెలింగ్ బల్ల ముందు. కర్నూలులో ఒక కంటి ఆసుపత్రిలో ఆ బల్లకు ఇవతల కూర్చునేది నేను. ఆదోని నుంచి వచ్చినా, గుత్తి నుంచి వచ్చినా, జమ్మలమడుగు నుంచి వచ్చినా అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. రేట్ల కాగితం చేతికిస్తే అందరి చూపూ ముందు రూపాయల వరుస మీదికే పోతుంది. నేను ఆ కాగితం కాసేపు బోర్లా పెట్టి, "పొద్దున లేచింది మొదలు ఏం పనులు చేస్తారో చెప్పండి" అంటాను. లెన్స్ ఎంపిక అక్కడ మొదలవ్వాలి.

శుక్లం తీసేస్తే సరిపోదా? లోపల లెన్స్ ఎందుకు?

కంటిపాప వెనక పుట్టుకతోనే ఒక లెన్స్ ఉంటుంది. అది మసకబారడమే శుక్లం. పైనుంచి వచ్చి పేరుకున్న పొర కాదు గనక, శుక్లం తీయడమంటే ఆ లెన్స్‌నే తీసేయడం. తీసి ఊరుకుంటే వెలుతురు తెలుస్తుంది గానీ ఆకారం కుదరదు. దాదాపు ప్లస్ పది పవర్ అద్దాలు కావాలి. వెనకటి తరంలో ఆపరేషన్ అయిన అవ్వలూ తాతలూ పెట్టుకున్న సోడాబుడ్డి అద్దాలు అవే.

కంటి లోపలే లెన్స్ పెట్టొచ్చని 1949 నవంబర్ 29న లండన్‌లో చేసి చూపించింది డాక్టర్ హెరాల్డ్ రిడ్లీ. రెండో ప్రపంచ యుద్ధంలో యుద్ధవిమానాల పైకప్పు పగిలి పైలట్ల కళ్లలో గుచ్చుకున్న ప్లాస్టిక్ ముక్కలు వాపు తేకుండా అలాగే ఉండిపోవడం ఆయన గమనించాడు. అదే రకం ప్లాస్టిక్‌తో లెన్స్ చేయించాడు. కంట్లో లెన్స్ కుదురుకుంది గానీ పవర్ కుదరలేదు. ఆ తొలి పేషెంటుకు పెద్ద మైనస్ సైటు వచ్చిపడింది. కొలత దగ్గరికి వచ్చినప్పుడు ఈ ముక్క మళ్లీ పనికొస్తుంది.

కాగితంలో పదీ పదిహేను పేర్లున్నాయి. అసలు రకాలెన్ని?

అందులో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉంటాయి. లెన్స్ దేనితో చేశారనేది ఒకటి: గట్టిదా, మడత పెట్టేదా, మడతదైతే ఏ రకం పదార్థం. ఎంత దూరం చూపిస్తుందనేది రెండోది: ఒకే దూరమా, రెండు మూడు దూరాలా, సిలిండర్ పవర్ (నల్లగుడ్డు వంపు అన్ని వైపులా ఒకేలా లేక వచ్చే సైటు) కూడా సరిచేస్తుందా. మిగిలిన పేర్లు చాలావరకు కంపెనీలు తమ సరుకుకు పెట్టుకున్నవి. ఈ రెండూ విడదీసి అడిగితే కాగితం సగం అర్థమైపోతుంది.

గట్టి లెన్స్‌కు, మడత లెన్స్‌కు తేడా ఏమిటి?

లెన్స్‌లో చూపునిచ్చే భాగం సుమారు 6 మిల్లీమీటర్ల బిళ్ల. రెండు పక్కలా సన్నని కాళ్లుంటాయి. గట్టి లెన్స్ పీఎంఎంఏ అనే ప్లాస్టిక్‌తో చేసింది, వంగదు. కాబట్టి బిళ్ల పట్టేంత గాటు పెట్టాలి. తెల్లగుడ్డులో ఆరేడు మిల్లీమీటర్ల సొరంగంలాంటి గాటు పెట్టి, శుక్లాన్ని చేత్తోనే బయటికి తీసి, లెన్స్ పెడతారు. చాలావరకు కుట్టు అక్కర్లేదు, గాటు తనంతట తనే మూసుకుంటుంది.

మడత లెన్స్‌ను సన్నని గొట్టంలో చుట్టి లోపలికి వదులుతారు. లోపల అదే విప్పుకుంటుంది. శుక్లాన్ని లోపలే పొడిచేసి పీల్చేసే ఫేకో పద్ధతిలో రెండున్నర మిల్లీమీటర్ల చిల్లు చాలు. గాయం తొందరగా మానుతుంది, గాటు వల్ల వచ్చే సిలిండర్ పవర్ తక్కువ.

గాయం మానాక రెండింటి చూపులో స్పష్టత దాదాపు సమానమే. గోధుమరంగు తిరిగి రాయిలా ముదిరిన శుక్లాలకు చేత్తో తీసే పద్ధతే క్షేమమని చాలామంది డాక్టర్లు అంటారు. అలా తీసిన కంట్లోనూ మడత లెన్స్ పెట్టొచ్చు, ఆ రెండింటికీ ముడి లేదు.

మాకు లేజర్ ఆపరేషనే కావాలి. చేస్తారా?

మీరు విన్న "లేజర్" చాలాసార్లు ఫేకోనే. అందులో శుక్లాన్ని పొడిచేసి పీల్చేసేది అల్ట్రాసౌండ్ తరంగాలు, లేజర్ కాదు. నిజంగా లేజర్ వాడే పద్ధతి వేరే ఉంది, ఫెమ్టో అంటారు. అందులో గాటు పెట్టడం, శుక్లాన్ని ముక్కలు చేయడం లాంటి కొన్ని దశలు లేజర్ చేస్తుంది, ఆపైన మళ్లీ ఫేకో తప్పదు. చివరికొచ్చే చూపులో ఈ రెండింటికీ పెద్ద తేడా లేదని పెద్ద పరిశోధనల్లోనే తేలింది. దానికోసమే బెంగళూరు, హైదరాబాదు బస్సెక్కాల్సిన పని లేదు.

హైడ్రోఫిలిక్, హైడ్రోఫోబిక్ అంటున్నారు. ఏది మేలు?

రెండూ యాక్రిలిక్ అనే మెత్తటి ప్లాస్టిక్‌లే. మొదటిది నీటిని పీల్చుకుంటుంది, మెత్తన, ధర తక్కువ. రెండోది నీటిని దగ్గరికి రానివ్వదు. ఆపరేషన్ తర్వాత లెన్స్ వెనక పొర మసకబారడం రెండోదాంట్లో తక్కువని తెలిసిన విషయమే. లెన్స్ వెనక అంచు పదునుగా, చతురస్రంగా ఉండటం కూడా అందుకు తోడ్పడుతుంది. కొన్ని హైడ్రోఫిలిక్ లెన్సుల మీద కాలక్రమంలో కాల్షియం పేరుకున్న సందర్భాలున్నాయి. ముఖ్యంగా రెటీనా (కంటి వెనక, బొమ్మ పడే తెర) ఆపరేషన్‌లో కంట్లోకి గ్యాస్ ఎక్కించినప్పుడు ఇది బయటపడింది. అందుకే షుగర్ ముదిరి, రేపు రెటీనా ఆపరేషన్ పడే వీలున్నవాళ్లకు హైడ్రోఫోబిక్ తీసుకోమంటాను. డబ్బు పెట్టగలిగితే అదనపు రూపాయి పెట్టాల్సిన మొదటి చోటు ఇదే.

మోనోఫోకల్ వేస్తే అద్దాలు తప్పవా?

మోనోఫోకల్ ఒకే దూరానికి స్పష్టంగా చూపిస్తుంది. మామూలుగా దూరపు చూపుకు అమరుస్తారు. బస్సు బోర్డు, టీవీ, ఎదుటి మనిషి ముఖం అద్దాలు లేకుండా కనిపిస్తాయి. పేపరు చదవడానికి, సూదిలో దారం ఎక్కించడానికి, బియ్యంలో రాళ్లు ఏరడానికి చదివే అద్దాలు కావాలి. చత్వారం వచ్చినప్పటి నుంచీ ఆ అద్దాలు ఎలాగూ ఉన్నవే.

అయితే దూరానికే అమర్చాలనే రూలేం లేదు. పొద్దుటూరు బంగారం పనివాళ్లు కొందరు వస్తారు. చిన్నప్పటి నుంచి మైనస్ మూడు సైటు, అద్దాలు తీసేసి నగను ముక్కు దగ్గర పెట్టుకుని రాళ్లు పొదగడం ముప్పై నలభై ఏళ్ల అలవాటు. వాళ్ల కంటిని దూరానికి సరిచేస్తే అందరూ "చూపు బాగా వచ్చింది" అంటారు, వాళ్లు మాత్రం పనిలో కూర్చోగానే దిగులుపడతారు. అలాంటివాళ్లకు మోనోఫోకల్‌నే దగ్గరి చూపుకు అమర్చి, దూరానికి అద్దాలు ఇస్తే సరి. ఆపరేషన్‌కు ముందు చెప్పాల్సిన మాట ఇది.

మల్టీఫోకల్ వేయించుకుంటే జీవితంలో అద్దాలే ఉండవంట కదా?

చాలామందికి చాలా పనులకు అక్కర్లేకుండా పోతాయి, అది నిజం. "అసలే ఉండవు" అని ఎవరైనా రాసిస్తే మాత్రం నమ్మకండి.

మల్టీఫోకల్ లెన్స్ మీద కంటికి కనిపించని సన్నని వలయాలుంటాయి. లోపలికొచ్చే వెలుతురును అవి దూరానికి కొంత, దగ్గరికి కొంత పంచుతాయి. ట్రైఫోకల్ అయితే మధ్యలో చేతి దూరానికి కూడా వాటా ఇస్తుంది. కేసీ కెనాల్ తూము నీళ్లను మూడు మళ్లకు తిప్పితే ఒక్కో మడికి వచ్చే పారుదల తగ్గినట్టే, ఒక్కో దూరానికి అందే వెలుతురు తగ్గుతుంది. పట్టపగలు తెలియదు. మసక చీకట్లో, మంచులో, బూడిదరంగు గోడ ముందు బూడిదరంగు మెట్టు దిగేటప్పుడు తెలుస్తుంది.

రెండోది, రాత్రిపూట దీపాల చుట్టూ వలయాలు. ఎదురొచ్చే లారీ హెడ్‌లైటు చుట్టూ గుండ్రంగా వెలుగు పరుచుకుంటుంది. చాలామందికి కొన్ని నెలల్లో మెదడు దానికి అలవాటుపడుతుంది, కొందరికి పడదు. 44వ నంబరు హైవే మీద రాత్రంతా బండి నడిపే డ్రైవరుకు నేను మల్టీఫోకల్ మాట ఎత్తను. రాత్రి రెండింటికి త్రీఫేజ్ కరెంటు వచ్చిందని టార్చిలైటుతో మోటారు ఆన్ చేయడానికి చేలోకి పోయే రైతుకూ ఆలోచించే చెబుతాను. ఆయన బుడ్డల చేనులో గట్టు మీద అడుగు ఎక్కడ పడుతోందో కనబడటం ముఖ్యం, ఎరువుల బస్తా మీది చిన్నక్షరాలకు జేబులో అద్దాలున్నా చాలు.

ఎవరికి బాగుంటుంది? కన్ను మిగతా అంతా ఆరోగ్యంగా ఉండి, రాత్రి డ్రైవింగ్ పెద్దగా లేక, అద్దాలంటే నిజంగా విసుగున్నవాళ్లకు. రిటైరై ఇంటిపట్టున ఉంటూ రోజంతా చదువుకునే టీచర్లు కొందరు ఎంతో సంతోషంగా ఉన్నారు. నీటికాసులు (గ్లకోమా), షుగర్ వల్ల రెటీనా దెబ్బతినడం, నల్లగుడ్డు మీద మచ్చ ఉన్నవాళ్లకు మాత్రం ఖరీదైన లెన్స్ పెట్టి మామూలు లెన్స్ కన్నా తక్కువ చూపు తెచ్చుకోవడమే అవుతుంది. నా బల్ల దగ్గర "మీకు వద్దు" అని చెప్పే సందర్భాలే ఎక్కువ. "డబ్బు కట్టగలం మేడమ్" అని కొడుకులు నొచ్చుకుంటారు కూడా. నాయన మీద ప్రేమను లెన్స్ ధరతో కొలవకండి అని వాళ్లకు చెప్పడం ఈ ఉద్యోగంలో సగం పని.

ఈడాఫ్ అనేది కొత్తగా వింటున్నాం. అదేంటి?

దూరం నుంచి చేతి దూరం దాకా తెగకుండా చూపును సాగదీసే లెన్స్. మరీ దగ్గర, చిన్నక్షరాలకు అద్దాలు కావాల్సి రావచ్చు. వలయాల బాధ ట్రైఫోకల్ కన్నా మామూలుగా తక్కువ. కంప్యూటరు ముందు పనిచేసేవాళ్లకు, కిరాణా కొట్టులో తక్కెడా గల్లాపెట్టే చూసుకునేవాళ్లకు, వంటింటి పనికి బాగా సరిపోతుంది.

ధర్మవరం పట్టుచీరల మగ్గం మీద కూర్చునే నేతగాళ్లతో దీని గురించి మాట్లాడేటప్పుడు నేను టేపు తీస్తాను. ఇంటికెళ్లి మగ్గం మీద మామూలుగా కూర్చుని, కంటి నుంచి అంచు దాకా ఎన్ని సెంటీమీటర్లుందో ఎవరిచేతనైనా కొలిపించి ఫోన్‌లో చెప్పమంటాను. ఆ అంకె అరవై, డెబ్బై దగ్గర ఉంటే ఈడాఫ్ ఆలోచించవచ్చు. నలభై అయితే దాన్ని నమ్ముకుని డబ్బు పెట్టొద్దు. కుట్టుమిషన్ వాళ్లు, తూకం రాసే గుమాస్తాలు కూడా ఈ కొలత తీసుకురావడం మంచిది. డాక్టరుకు "దగ్గరి పని" అని చెప్పడం కన్నా "నలభై ఐదు సెంటీమీటర్లు" అని చెప్పడం వెయ్యి రెట్లు ఉపయోగం.

టోరిక్ ఎవరికి?

నల్లగుడ్డు అన్ని వైపులా ఒకే వంపుతో లేకపోతే సిలిండర్ పవర్ వస్తుంది. అది ఒకటి, ఒకటిన్నర దాటితే మామూలు లెన్స్ వేసినా దూరానికి కూడా అద్దాలు కావాలి. టోరిక్ దాన్నీ సరిచేస్తుంది. కాకపోతే కంట్లో సరైన కోణంలో కూర్చోవాలి. ఒక్కో డిగ్రీ పక్కకు తిరిగితే సుమారు మూడు శాతం ఫలితం పోతుంది, 30 డిగ్రీలు తిరిగితే వేసినా వేయనట్టే. బాగా తిరిగిపోతే తొలి రోజుల్లోనే మళ్లీ సరిచేస్తారు. సిలిండర్ పవర్ నిజంగా ఉన్నవాళ్లకు మల్టీఫోకల్ కన్నా టోరిక్ మోనోఫోకల్‌కే నా ఓటు. లేనివాళ్లకు దాంతో పనేలేదు.

ఒక కన్ను దూరానికి, ఇంకోటి దగ్గరికి పెట్టొచ్చని మా బంధువొకాయన అన్నాడు. నిజమా?

నిజం. మోనోవిజన్ అంటారు. రెండింట్లోనూ మోనోఫోకల్ లెన్సులే, రెండో కంటిలో మైనస్ ఒకటీ ఒకటిన్నర మిగిలేలా అమరుస్తారు. ఫోను, ధరల పట్టీ, పళ్లెంలో అన్నం అద్దాలు లేకుండా కనిపిస్తాయి. తక్కువ ఖర్చులో మంచి ఉపాయం. అందరి మెదడుకూ పొసగదు గనక ముందు కాంటాక్ట్ లెన్స్‌తోనో ట్రయల్ అద్దాలతోనో చూసుకుంటే మంచిది.

పవర్ ఎలా కొలుస్తారు? అందులో పొరపాటు పడొచ్చా?

లెన్స్ కంపెనీ గురించి గంటసేపు అడుగుతారు, కొలత గురించి ఎవరూ అడగరు. ఆపరేషన్ ఎంత బాగా జరిగినా కొలత తప్పితే రిడ్లీ తొలి పేషెంటు కథే.

రెండు కావాలి: కంటి పొడవు, నల్లగుడ్డు వంపు. కంటి పొడవు సగటున 23.5 మిల్లీమీటర్లు. అందులో ఒక్క మిల్లీమీటరు తేడా పడితే వచ్చే సైటులో రెండున్నర, మూడు పాయింట్ల తేడా పడుతుంది. పాత పద్ధతిలో అల్ట్రాసౌండ్ పెన్నును కంటికి ఆనించి కొలుస్తారు. చేయి కాస్త గట్టిగా నొక్కితే కన్ను పొట్టిగా కనబడి, ఎక్కువ పవర్ లెన్స్ ఎంపికవుతుంది, మైనస్ సైటు మిగులుతుంది. వెలుతురుతో కొలిచే ఆప్టికల్ బయోమెట్రీ కంటిని తాకదు, కచ్చితత్వం ఎక్కువ. ఖరీదైన లెన్స్ వేయించుకునేవాళ్లు దీంతోనే కొలవమని అడగాలి. ఒకే కంటికి ఆపరేషన్ అయినా రెండు కళ్లూ కొలిపించండి. రెండింటికీ మధ్య తేడా వింతగా ఉంటే మళ్లీ కొలవాలని అప్పుడే తెలుస్తుంది.

మన సీమ ఎండకూ దుమ్ముకూ కంట్లో కండ పెరగడం మామూలే. బేతంచెర్ల నాపరాళ్ల పనివాళ్లలో, రోజంతా చేలో ఉండేవాళ్లలో చూస్తుంటాం. ఆ కండ నల్లగుడ్డు మీదికి పాకితే దాని వంపునే మార్చేస్తుంది. పెద్దదైతే ముందు కండ తీయించి, కన్ను కుదుటపడ్డాక కొలవాలి. ఒకేసారి రెండూ కానిచ్చేద్దామని తొందరపెట్టేవాళ్లు ఈ సంగతి డాక్టరుతో విడిగా మాట్లాడాలి. కళ్లు బాగా పొడిబారినా కొలత అటూ ఇటూ అవుతుంది, కొన్నాళ్లు చుక్కలు వేసుకున్నాక కొలుస్తారు. కాంటాక్ట్ లెన్స్ వాడేవాళ్లు కొలతకు ముందే కొన్నాళ్లు ఆపాలి. ఇదివరకు సైటు పోవడానికి లేసిక్ చేయించుకుని ఉంటే తప్పకుండా చెప్పాలి, మామూలు లెక్క వాళ్లకు పనిచేయదు.

శుక్లం బాగా ముదిరాక తీయిస్తే మంచిదంటారు మా జేజి?

చేత్తో తీసి, లోపల ఏదీ పెట్టని కాలంలో అన్న మాట అది. ఇప్పుడు ముదిరేకొద్దీ కష్టమే. శుక్లం తెల్లగా పండిపోతే ఆప్టికల్ మెషీన్ వెలుతురు లోపలికి పోదు, పొడవు కొలవలేదు. రెటీనా ఎలా ఉందో డాక్టరుకు కనబడదు, అల్ట్రాసౌండ్ మీద ఆధారపడాలి. ఖరీదైన లెన్స్ తగునా కాదా అనే తీర్పే కష్టమవుతుంది. రోజువారీ పనులకు అడ్డం పడుతోందంటే అదే సమయం.

షుగర్ ఉంది. ఏ లెన్స్?

ముందు రెటీనా పరీక్ష, వీలైతే రెటీనా పొరలను చూపించే ఓసీటీ స్కాన్. రెటీనా బాగుంటే లెన్స్ ఏదైనా ఆలోచించవచ్చు. దెబ్బతిని ఉంటే మోనోఫోకల్ హైడ్రోఫోబిక్, అంతకు మించి వద్దు.

సర్కారు ఆసుపత్రిలో, ఉచిత క్యాంపుల్లో వేసే లెన్స్ నాసిరకమా?

కాదు. అంధత్వ నివారణకు దేశవ్యాప్త కార్యక్రమం 1976 నుంచి నడుస్తోంది. కర్నూలులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, చుట్టుపక్కల నుంచి జనం దశాబ్దాలుగా వస్తున్నారు. అనంతపురం వైపు బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రి, పుట్టపర్తి సత్యసాయి ఆసుపత్రి ఉన్నాయి. ఉచితంగా వేసేది ఎక్కువగా మోనోఫోకల్. కొలత సరిగ్గా ఉండి, చేయి తిరిగిన డాక్టరు వేస్తే ఆ లెన్స్‌తో దూరపు చూపు ఖరీదైన లెన్స్‌కు తీసిపోదు. మీకు పెట్టేది గట్టిదా మడతదా అని అక్కడా అడగొచ్చు, అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

విదేశీ లెన్స్ అయితేనే మంచిదా?

ఆల్కాన్, జాన్సన్ అండ్ జాన్సన్, జైస్ లెన్సులు మంచివే. మదురైలో అరవింద్ కంటి ఆసుపత్రి వాళ్లు 1992లో మొదలుపెట్టిన ఆరోలాబ్ కూడా మంచిదే. అది వచ్చాకే లెన్స్ ధర దిగొచ్చి సామాన్యుడికి అందింది. అక్కడి లెన్సులు ఎన్నో దేశాలకు పోతున్నాయి. మోనోఫోకల్ వరకు దేశీ విదేశీ పట్టింపు పెట్టుకోకండి.

పసుపు రంగు లెన్స్ కంటిని కాపాడుతుందా?

ఇప్పటి లెన్సులు దాదాపు అన్నీ అతినీలలోహిత కిరణాలను ఆపుతాయి. పసుపుది నీలికాంతిని కూడా కొంత ఆపుతుంది. దానివల్ల రెటీనాకు మేలు జరుగుతుందనడానికి గట్టి ఆధారం దొరకలేదు. హాని కూడా లేదు. దానికోసం వేరే డబ్బు పెట్టక్కర్లేదు.

లెన్స్ ఎన్నేళ్లుంటుంది? మళ్లీ శుక్లం వస్తుందా?

జీవితాంతం. శుక్లం మళ్లీ రాదు. లెన్స్‌ను పట్టుకుని ఉండే సహజమైన పొర కొందరికి నెలల తర్వాత, ఏళ్ల తర్వాత మసకబారుతుంది. యాగ్ లేజర్‌తో కొద్ది నిమిషాల్లో దానికి కిటికీ చేస్తారు, పడుకోబెట్టాల్సిన పని లేదు. ఒక్క జాగ్రత్త: మల్టీఫోకల్ వేసిన కంట్లో చూపు నచ్చకపోతే, తప్పు లెన్స్‌దా పొరదా అని తేల్చుకోకుండా యాగ్ చేయించుకోవద్దు. పొర తెరిచాక లెన్స్ మార్చడం చాలా కష్టం.

ఒప్పుకున్న లెన్స్ కాకుండా ఆపరేషన్‌లో వేరేది పెట్టారు. మోసమా?

కానక్కర్లేదు. ఆపరేషన్ మధ్యలో వెనక పొర చిరిగితే అనుకున్న టోరిక్, మల్టీఫోకల్ నిలబడవు. అప్పుడు వేరే లెన్స్ పెట్టడమే సరైన పని. అలా జరిగితే ధర తేడా తిరిగిస్తారా అని ముందే అడిగి, కాగితం మీద రాయించుకోండి. లెన్స్ పెట్టె మీద మోడల్, పవర్, సీరియల్ నంబరు, గడువు తేదీ, ఎంఆర్‌పీ ఉంటాయి. సీరియల్ నంబరున్న స్టిక్కరును డిశ్చార్జ్ కార్డు మీద అంటిస్తారు. అది లేకుండా ఇంటికి రావద్దు. రెండో కన్ను ఎప్పుడు చేయించినా, ఏ ఊళ్లో చేయించినా మొదట అడిగేది అదే.

ఇన్సూరెన్స్ ఇస్తుందా?

చాలా పాలసీల్లో శుక్లానికి ఒకటి రెండేళ్ల వెయిటింగ్ ఉంటుంది, కంటికి ఇంత అని పరిమితీ ఉంటుంది. మల్టీఫోకల్ ధర తేడా చాలావరకు మీ జేబులోంచే. ప్రభుత్వ కార్డుమీద ఏం వర్తిస్తుందో ఆసుపత్రిలో ఆ పథకం చూసే ఉద్యోగిని అడగండి.

లెన్స్ ఉండగా ఎంఆర్ఐ తీయించుకోవచ్చా?

తీయించుకోవచ్చు. లెన్స్ ప్లాస్టిక్, ఇనుము కాదు.

కౌన్సెలింగ్‌కు వచ్చేటప్పుడు ఏం తేవాలి?

పాత అద్దాలు, వాటి చీటీ, వాడుతున్న మందుల పేర్లు. ప్రొస్టేట్ మందు వాడుతుంటే అది కచ్చితంగా చెప్పాలి, కొన్నింటి వల్ల ఆపరేషన్‌లో కంటిపాప సరిగ్గా విప్పుకోదు. పని దూరం సెంటీమీటర్లలో రాసుకున్న కాగితం. ఇంటి ఖర్చు తెలిసిన మనిషి ఒకరు రావాలి, కానీ మాట్లాడాల్సింది ఆపరేషన్ చేయించుకునే మనిషి. కొడుకు జవాబులు చెబుతుంటే పక్కన అమ్మ ఊరుకుని కూర్చునే జంటలే ఎక్కువ వస్తాయి. ఆయన టీ తాగడానికి బయటికెళ్లినప్పుడు, "నాకు పూలు కట్టడం కనబడితే చాలమ్మా" అంటుంది ఆమె.